అమెరికా చరిత్రకు మొదటి పుస్తకం: కొనే ముందు 1865 నుంచి 1877 దాకా పేజీలు తెరవండి

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో చాలా ఏళ్ల కిందట నాకొక లావుపాటి అమెరికా చరిత్ర దొరికింది. అక్కడి ఏదో బడి లైబ్రరీ వద్దనుకుని తీసేసిన ప్రతి. లోపలి అట్టకు అంటించిన కార్డు జేబు ఇంకా ఊడలేదు. నూటయాభై రూపాయలకు ఇచ్చాడు. బరువును బట్టి చూస్తే చవకే. ఆరు నెలలు కూర్చుని చదివాను. అంతర్యుద్ధానికి అరవై పేజీలు ఇచ్చిన ఆ పుస్తకం, యుద్ధం తర్వాత దక్షిణాదిలో జరిగినదాన్ని రెండు పేజీల్లో తేల్చేసింది. ఉత్తరాది నుంచి సంచులు తగిలించుకుని వచ్చిన అవకాశవాదులు, చదువురాని కొత్త ఓటర్లు కలిసి ఖజానాలు ఖాళీ చేశారట. చివరికి సైన్యం వెనక్కి వెళ్లిపోయి శాంతి నెలకొందట. నేను నమ్మాను. మొదటి పుస్తకాన్ని ఎవరైనా నమ్ముతారు. ఆ రెండు పేజీల్లో ఎంత తప్పుందో తెలియడానికి నాకు మరో నాలుగేళ్లు పట్టింది.

అందుకే ఎవరైనా "అమెరికా చరిత్ర మొదలుపెడదామనుకుంటున్నాను, ఏ పుస్తకం కొనాలి?" అని అడిగితే పేరు చెప్పే ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. ఎందుకు చదువుతున్నారు? రోజుకు ఎంతసేపు కూర్చోగలరు? పౌరసత్వం ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న అత్తగారికీ, సివిల్స్ రాస్తున్న కుర్రాడికీ, వర్జీనియాలో ఎనిమిదో తరగతి చదివే పిల్ల తల్లికీ ఒకే పుస్తకం చెబితే ముగ్గురూ ఇరవయ్యో పేజీలో ఆపేస్తారు.

## ముందు కొలతలు

పుస్తకం ఎవరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాశారు? ఆరంభకుల గైడ్లు అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం, బడిలో ఒకసారి చదివి మరిచిపోయిన అమెరికన్ల కోసం రాసినవి. ఒహాయో ఎక్కడుందో, కౌంటీ అంటే ఏమిటో పాఠకుడికి తెలుసనే ధీమాతో నడుస్తాయి. మనకు అంతకన్నా పెద్ద చిక్కు ఒకటుంది. "రాష్ట్రం" అనగానే మన మనసులో కదిలేది పార్లమెంటు చట్టం చేసి ఏర్పరచే రాష్ట్రం. 2014లో అది కళ్లారా చూశాం. అమెరికాలో వరస తిరగబడి ఉంటుంది. ముందు 13 వలసలు వేటికవే రాష్ట్రాలుగా ప్రకటించుకున్నాయి, తర్వాత అవి కూర్చుని కేంద్రాన్ని కట్టుకున్నాయి. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసుకున్నప్పుడు జరిగిన బేరసారాలు గానీ, చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ సెనేట్‌లో చెరి రెండు సీట్లు ఉండటం గానీ, 1861లో దక్షిణాది "మేం విడిపోతాం" అనడానికి చూపిన వాదన గానీ ఈ ఒక్క సంగతి పట్టుబడితేనే అర్థమవుతాయి. దీన్ని మొదటి యాభై పేజీల్లో చెప్పని పుస్తకం మన కోసం రాసింది కాదు. అయినా చదవవచ్చు, పక్కన మరొకటి పెట్టుకోవాలి అంతే.

పార్టీల పేర్లు ఎలా దాటించారు? లింకన్ రిపబ్లికన్. బానిసత్వాన్ని సమర్థించిన దక్షిణాది డెమోక్రాట్ల కంచుకోట. ఇవాళ్టి ఎన్నికల మ్యాపును మనసులో పెట్టుకుని ఆ పేర్లు చదివితే పందొమ్మిదో శతాబ్దమంతా తలకిందులుగా కనిపిస్తుంది. 1930ల్లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలంలో నల్లజాతి ఓటర్లు డెమోక్రాట్ల వైపు జరిగారు. 1964 పౌరహక్కుల చట్టం తర్వాత దక్షిణాది శ్వేతజాతి ఓటర్లు క్రమంగా రిపబ్లికన్ల వైపు జరిగారు. మంచి గైడు ఈ రెండు మలుపులనూ ఎక్కడో ఒకచోట ఆగి చెబుతుంది. చాలా గైడ్లు చెప్పవు.

ఎక్కడ మొదలవుతుంది? 1492లో కొలంబస్‌తోనా, 1607లో ఇంగ్లిషువాళ్ల తొలి స్థిర వలస జేమ్స్‌టౌన్‌తోనా, 1776తోనా? ఇప్పటి సెయింట్ లూయిస్ దగ్గర కహోకియా అనే పెద్ద నగరం కొలంబస్‌కు దాదాపు నాలుగు వందల ఏళ్ల ముందే వెలిగింది. మొదటి అధ్యాయంలో ఆ పేరు కనిపిస్తే రచయిత ఈ మధ్య పరిశోధనలు చదివాడని అర్థం.

మ్యాపులు, ఇంగ్లిష్ సులువు, ధర కూడా చూసుకోండి. వాటికి నా సలహా అక్కర్లేదు.

## అసలు పరీక్ష

ఇక నా కొలబద్ద. పుస్తకం చేతికి రాగానే వెనక పద సూచిక తెరిచి పునర్నిర్మాణం అనే మాటకు ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టండి. 1865 నుంచి 1877 దాకా పన్నెండేళ్లకు అక్కడి చరిత్రలో ఉన్న పేరు అది. ఆన్‌లైన్‌లో కొంటే నమూనా పేజీల్లో విషయ సూచికైనా కనబడుతుంది.

ఈ పన్నెండేళ్లే ఎందుకు? యుద్ధాన్ని ఏ పుస్తకమైనా బాగానే చెబుతుంది. ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయిన యుద్ధం, గెటిస్‌బర్గ్, లింకన్ పొడుగు టోపీ, నాటకశాలలో హత్య. కథ దానంతటదే పరుగెడుతుంది. 1865 ఏప్రిల్ దాటాక పరుగు ఆగి రచయితకు అసలు పని పడుతుంది. దాదాపు 40 లక్షల మంది బానిసలు స్వేచ్ఛ పొందారు. వాళ్లకు భూమి ఉందా? ఓటు ఉందా? కోర్టులో సాక్ష్యం చెప్పవచ్చా? నిన్నటిదాకా వాళ్లను కొని అమ్మినవాళ్లతో ఒకే ఊరిలో ఎలా బతకాలి?

ఈ ప్రశ్నలకు జవాబుగా మూడు రాజ్యాంగ సవరణలు వచ్చాయి. 13వది 1865లో బానిసత్వాన్ని రద్దు చేసింది. 14వది 1868లో అమెరికా గడ్డ మీద పుట్టినవారికి పౌరసత్వం, చట్టాల నుంచి సమాన రక్షణ ఇచ్చింది. 15వది 1870లో జాతి కారణంగా ఓటు నిరాకరించరాదని చెప్పింది. అదే ఏడాది మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ సెనేట్‌లో అడుగుపెట్టాడు. ఆ సభలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి ఆయన.

ఆ తర్వాత ఎదురుదాడి. లూసియానాలో కోల్‌ఫ్యాక్స్ అని ఒక చిన్న ఊరు. 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం. ఎన్నికల తగాదాలో కోర్టు భవనాన్ని కాపాడుకుంటున్న నల్లజాతివాళ్ల మీద సాయుధులైన శ్వేతజాతి మూక దాడి చేసింది. లొంగిపోయినవాళ్లను కూడా చంపింది. మృతుల సంఖ్య ఇప్పటికీ తేలలేదు, అరవై నుంచి నూటయాభై దాకా చెబుతారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ చోట రాష్ట్ర ప్రభుత్వం ఒక ఫలకం పాతింది. దాని మీద రాసిన మాట "అల్లర్లు". దక్షిణాదిలో దుష్పరిపాలనకు అది ముగింపు అని కూడా రాశారు. ఆ ఫలకాన్ని 2021లో గానీ తీసేయలేదు. మీ చేతిలో ఉన్న పుస్తకం ఈ సంఘటనను ప్రస్తావిస్తే "అల్లర్లు" అంటోందా, "ఊచకోత" అంటోందా చూడండి. ఆ ఒక్క మాటలో రచయిత ఎటు కూర్చున్నాడో తెలిసిపోతుంది.

అదే 1873లో పుణేలో జోతిబా ఫూలే "గులాంగిరి" అచ్చువేసి, నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసినందుకు అమెరికా సజ్జనులకు అంకితమిచ్చాడు. కోల్‌ఫ్యాక్స్ వార్త ఆయనకు చేరిందో లేదో గానీ, రెండూ ఒకే ఏడాదివని గుర్తు పెట్టుకుంటే ఆ కాలం మనకు పరాయిగా అనిపించదు.

ముగింపు 1876 ఎన్నికలతో వచ్చింది. దేశవ్యాప్తంగా ఎక్కువ ఓట్లు డెమోక్రాట్ అభ్యర్థి టిల్డెన్‌వి. అధ్యక్షుణ్ణి తేల్చేవి మాత్రం రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లు. వాటిలో 20 ఓట్ల మీద తగాదా వచ్చి 15 మందితో కమిషన్ వేస్తే, అది ఎనిమిది–ఏడుగా చీలి అన్నీ రిపబ్లికన్ అభ్యర్థి హేస్‌కే ఇచ్చింది. 185–184తో ఆయన అధ్యక్షుడయ్యాడు. 1877లో దక్షిణాది రాజకీయాలకు కాపలాగా నిలిచిన చివరి కేంద్ర సైనికులు బారకాసులకు మళ్లారు. నల్లజాతివాళ్లకు కాగితం మీద ఉన్న ఓటు తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో దాదాపుగా ఊడిపోయింది. మళ్లీ చేతికి రావడానికి 1965 దాకా ఆగాలి.

నా ఆబిడ్స్ పుస్తకానిది ఒంటరి పాపం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం డన్నింగ్ అనే చరిత్రకారుడు, ఆయన శిష్యులు రాసిన ఇలాంటి కథే దశాబ్దాల పాటు బడి పుస్తకాల్లోకి పాకింది. నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయ్స్ 1935లో దాన్ని ఎదిరించి పెద్ద గ్రంథం రాశాడు. అందులో చివరి అధ్యాయమంతా పాఠ్యపుస్తకాలు ఈ కాలాన్ని ఎలా వక్రీకరించాయో చెప్పడానికే. 1960ల నుంచి చరిత్రకారులు లెక్క సరిచేస్తూ వచ్చారు, 1988లో ఎరిక్ ఫోనర్ గ్రంథంతో కొత్త అవగాహన స్థిరపడింది. అందువల్ల పాత పుస్తకాల షాపులో కొనేటప్పుడు ప్రచురణ సంవత్సరం చూడండి. 1960కి ముందుదైతే ఇంటి షెల్ఫుకు అందం, చదువుకు కాదు. డన్నింగ్ కొలంబియాలో పాఠం చెబుతున్న ఏళ్లలోనే, 1913 నుంచి 1916 దాకా, అంబేడ్కర్ అక్కడ విద్యార్థి. మన రాజ్యాంగం 14వ అధికరణంలో "చట్టాల సమాన రక్షణ" అన్న మాటకు మూలం అమెరికా 14వ సవరణే. అంకె కూడా ఒకటే కావడం మాత్రం కాకతాళీయం.

## ఎంపికలు ఒక్కచోట

| ఎంపిక | రోజుకు గంట చొప్పున | ఇంగ్లిష్ | 1865–77 పరీక్షలో | ఖర్చు |
|---|---|---|---|---|
| ఆరంభకుల గైడు | మూడు వారాలు | సులువు, చమత్కారం ఎక్కువ | గైడును బట్టి. చాలావాటికి అత్తెసరు | ఒక పుస్తకం ధర |
| ఉచిత కళాశాల పాఠ్యపుస్తకం | మూడు నాలుగు నెలలు | మధ్యస్థం | నిండు అధ్యాయం | లేదు |
| ఒకే రచయిత రాసిన బృహత్ కథనం | రెండు మూడు నెలలు | కొంచెం కష్టం | రచయిత చూపును బట్టి | ఎక్కువ |
| పౌరసత్వ పరీక్ష ప్రశ్నావళి | వారం, పది రోజులు | చాలా సులువు | ఒకటి రెండు ప్రశ్నలు | లేదు |
| పోటీ పరీక్షల తెలుగు పుస్తకాలు | రెండు మూడు రోజులు | తెలుగే | తరచుగా ఏమీ ఉండదు | తక్కువ |
| రికార్డు చేసిన ఉపన్యాసాలు | నెలన్నర, రెండు నెలలు | వినికిడి అలవాటు కావాలి | అన్నిటికన్నా మిన్న | లేదు |

సమయం నా చదువు వేగం బట్టి వేసిన అంచనా. మీది వేరే ఉంటుంది.

## ఆరంభకుల గైడు: ఎంతవరకు నమ్మవచ్చు

గైడును చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నేను చూడను. పొట్టి అధ్యాయాలు, పక్కన గళ్లలో చిన్న కథలు, ఏ అధ్యాయం నుంచైనా మొదలుపెట్టుకునే వీలు. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషి నిద్రకు ముందు పది పేజీలు చదివి పక్కన పెట్టేయవచ్చు. మొత్తం కాలక్రమం ఒకసారి కళ్ల ముందు పరుచుకోవడానికి దీనికి మించింది లేదు. వెయ్యి పేజీల గ్రంథం కొని వందో పేజీలో గుర్తు పెట్టి మూసేయడం కన్నా, మూడు వందల పేజీల గైడు పూర్తి చేయడం ఎంతో నయం.

చిక్కు తూకంలో ఉంది. గైడుకు అధ్యక్షులే వెన్నెముక. ఒకరి తర్వాత ఒకరు వస్తుంటారు, పోతుంటారు. నేను చదివిన ఒక గైడులో విలియం హెన్రీ హారిసన్‌కు అర పేజీ ఉంది. 1841లో చలిలో, కోటు లేకుండా దాదాపు రెండు గంటలు ప్రమాణ స్వీకార ప్రసంగం చేసి, 31వ రోజున చనిపోయిన పెద్దమనిషి. సరదా కథే, కాదనను. అదే గైడులో ఫిలిప్పీన్స్ మీద 1899లో మొదలై మూడేళ్లకు పైగా సాగిన యుద్ధానికి కూడా అర పేజీయే. స్పెయిన్‌కు రెండు కోట్ల డాలర్లు ఇచ్చి దీవులు తీసుకుని, స్వాతంత్ర్యం కోసం అప్పటికే పోరాడుతున్న అక్కడి జనం మీద తుపాకులు ఎక్కుపెట్టిన కథ అది. వలస పాలన చూసిన దేశం వాళ్లం, మనకు ఏది ముఖ్యమో వేరే చెప్పాలా?

ఇంకో లోటు, మనకు తగిలే కొక్కేలు గైడులో ఉండవు. 1773లో బ్రిటిష్ పన్నుకు నిరసనగా బోస్టన్ ఓడరేవులో నీళ్లలో పారబోసిన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీ సరుకు. అయితే అది చైనా తేయాకు, అస్సాం టీ అప్పటికి ఇంకా సాగులో లేదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1781లో యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ ఐదేళ్లకు గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగి, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు విధానం తెచ్చాడు. అమెరికా గైడుకు యార్క్‌టౌన్‌తో ఆయన పని అయిపోయింది. మన జమీందారీల కథ అక్కడి నుంచే మొదలవుతుంది. ఇలాంటివి మార్జిన్‌లో మీరే పెన్సిల్‌తో రాసుకుంటూ పోవాలి. నిజానికి గైడు చదవడంలో ఉన్న అసలు సుఖం అదే.

## డబ్బు పెట్టకుండా దొరికే రెండు

హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం నడిపే ఓపెన్‌స్టాక్స్ సంస్థ 32 అధ్యాయాల అమెరికా చరిత్ర పాఠ్యపుస్తకాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. అందులో 16వ అధ్యాయం మొత్తం 1865–77 మీదే. "ది అమెరికన్ యాప్" (Yawp, అంటే అరుపు; ఫోనులో ఉండే యాప్ కాదు) అని 30 అధ్యాయాల మరో పుస్తకం ఉంది. వందల మంది చరిత్రకారులు కలిసి రాశారు, అదీ ఉచితమే. దాంట్లో 15వ అధ్యాయం పునర్నిర్మాణం. రెండూ కొలంబస్‌కు ముందున్న అమెరికాతో మొదలవుతాయి. రెండూ నా పరీక్షలో నెగ్గుతాయి.

రెండింటిలో ఏది? పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే ఓపెన్‌స్టాక్స్. అధ్యాయానికి ముందు ఏం చదవబోతున్నామో, చివర్లో ఏం చదివామో, ముఖ్యమైన పదాల అర్థాలు, ప్రశ్నలు అన్నీ ఉంటాయి. ఆ క్రమశిక్షణ వల్లే కొన్నిచోట్ల చప్పగా కూడా ఉంటుంది, పథ్యం భోజనంలా. యాప్‌లో వాక్యానికి కాస్త ఉప్పూ కారం ఉన్నాయి. దాని జత సంకలనంలో ఆ కాలం మనుషుల ఉత్తరాలు, ప్రసంగాలు, అర్జీలు దొరుకుతాయి. యజమాని నుంచి పారిపోయిన మనిషి సొంత మాటల్లో చెప్పుకున్నది చదివాక, దాన్ని గురించి ఎవరో రాసిన పేరా చదవబుద్ధి కాదు.

రెండింటికీ ఉన్న లోటు ఒకటే. ఫోనులో ముప్పై అధ్యాయాలు చదవడానికి ఓపిక కావాలి. నేను రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. మూడోసారి ఒక్కో అధ్యాయం జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి, స్పైరల్ వేయించుకున్నాక గానీ ముందుకు సాగలేదు.

## ఒక్కరు రాసిన పెద్ద కథ

జిల్ లెపోర్ 2018లో తెచ్చిన "దీజ్ ట్రూత్స్" తొమ్మిది వందల పేజీలు దాటుతుంది. వాక్యం బాగుంటుంది, వాదన తెగదు. హోవర్డ్ జిన్ 1980లో అమెరికా చరిత్రను కింది నుంచి, కొలంబస్ దిగిన తీరంలో నిలబడి చూసిన ఆదివాసుల వైపు నుంచి మొదలుపెట్టి రాశాడు. దానికి ఎదురు దిక్కున విల్‌ఫ్రెడ్ మెక్‌క్లే 2019 పుస్తకం నిలబడుతుంది, దేశం మీద ప్రేమను దాచుకోకుండా. ఈ ముగ్గురిలో ఎవరినైనా మొదటి పుస్తకంగా చదవవద్దని నా మాట. ముఖ్యంగా జిన్‌ను. మన దగ్గర అభ్యుదయ భావాలున్న మిత్రులు ముందు అదే చేతిలో పెడతారు. జిన్ బడి పుస్తకాలతో పోట్లాడుతున్నాడు. ఆ బడి పుస్తకాలు మీరు చదవనే లేదు. ఎవరితో తగాదా పడుతున్నాడో తెలియకుండా తగాదా వినడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముందు ఉచిత పాఠ్యపుస్తకం, తర్వాత జిన్, ఆ వెంటనే మెక్‌క్లే. అప్పుడు ఇద్దరూ ఎక్కడెక్కడ దాటవేశారో మీరే పట్టుకుంటారు.

## మీరెవరు?

పౌరసత్వం ఇంటర్వ్యూ ఉన్నవారికి పైన చెప్పినవేవీ అక్కర్లేదు. అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ ప్రశ్నావళిని ఉచితంగానే ఇస్తుంది. డబ్బు తీసుకుని అదే ప్రశ్నలను రంగు అట్ట వేసి అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త. 2025 అక్టోబరు 20, ఆ తర్వాత దరఖాస్తు చేసినవారికి కొత్త పరీక్ష. 128 ప్రశ్నలు చదవాలి, అధికారి నోటితో 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకు ముందు దరఖాస్తు చేసినవారికి పాత 100 ప్రశ్నలు, అడిగేది 10, సరిగ్గా చెప్పవలసింది 6. పెద్దవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది, మన ఇళ్లలో చాలామందికి తెలియదు. 50 ఏళ్లు నిండి గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 నిండి 15 ఏళ్లు అక్కడ ఉన్నవారికి ఇంగ్లిష్ పరీక్ష ఉండదు. చరిత్ర, ప్రభుత్వం ప్రశ్నలకు దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. 65 నిండి 20 ఏళ్లు ఉన్నవారికైతే 20 ప్రశ్నల చిన్న జాబితాయే. కాబట్టి అమ్మానాన్నలకు ఇంగ్లిష్ గైడు కొనిపెట్టే ముందు వాళ్ల వయసు, గ్రీన్‌కార్డు తేదీ లెక్కవేయండి.

అక్కడ బడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులు పిల్లల పుస్తకమే ముందు చదవాలి. పాఠ్యప్రణాళిక రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒకే ప్రచురణ సంస్థ వేసిన పుస్తకం టెక్సస్ ప్రతిలో ఒక తీరుగా, కాలిఫోర్నియా ప్రతిలో ఇంకో తీరుగా ఉండటం మామూలే. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కళాశాల స్థాయి కోర్సు) అమెరికా చరిత్ర తీసుకుంటే 1491 నుంచి ఇప్పటిదాకా తొమ్మిది భాగాలు, తేదీలు బట్టీపడితే చాలదు. ఇచ్చిన పాత పత్రాలను చదివి వాదన రాయాలి. అక్కడ యాప్ సంకలనం పిల్లలకూ మీకూ పనికొస్తుంది.

తల్లిదండ్రులుగా 14వ సవరణ అధ్యాయం మాత్రం వదలకండి. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన కొడుకు అమెరికా పౌరుడేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జనవరిలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు, తాత్కాలిక వీసాల మీద ఉన్న తల్లిదండ్రులకు పుట్టే పిల్లల పౌరసత్వం మీద మళ్లీ తగాదా లేపి కోర్టులకెక్కింది. హెచ్‌–1బి వీసా మీద ఉండి కాన్పు తేదీ లెక్కపెట్టుకున్న ఎన్నో తెలుగు ఇళ్లలో 1868 నాటి ఆ వాక్యాన్ని మొదటిసారి వెతుక్కుని చదివారు.

సివిల్స్, గ్రూప్స్ రాసేవారు తెలుగు మాధ్యమం పుస్తకాలతో మొదలుపెట్టడం తప్పు కాదు. జనరల్ స్టడీస్‌కు అమెరికా విప్లవం కారణాలు, ఫలితాలు, ఫ్రెంచ్ విప్లవంతో పోలిక సరిపోతాయి. చరిత్ర ఆప్షనల్‌గా తీసుకున్నవారికి సిలబస్‌లో రాజ్యాంగం, అంతర్యుద్ధం, లింకన్, బానిసత్వ రద్దు ఉన్నాయి. సిలబస్ అక్కడితో ఆగుతుంది, కోచింగ్ నోట్సు కూడా అక్కడే ఆగిపోతుంది. ఫలితంగా మన విద్యార్థులు చాలామంది లింకన్ సంతకంతో బానిసత్వం ముగిసి అంతా సర్దుకుందన్నట్టు రాస్తారు. 1863 విమోచన ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించిందని, దేశమంతటా రద్దు 13వ సవరణతో వచ్చిందని, దక్కిన హక్కులు 1877 తర్వాత చేజారాయని రెండు వాక్యాలు అదనంగా రాయగలిగితే మీ జవాబు మిగతావాటి మధ్య నిలబడుతుంది. దానికి ఓపెన్‌స్టాక్స్ 15, 16 అధ్యాయాలు చాలు, రెండు సాయంత్రాల పని.

ఎం.ఎస్.కు వెళ్లే విద్యార్థులు విమానంలో గైడు చదువుకోండి. చాలు.

ఏ అవసరమూ లేకుండా, ఊరికే తెలుసుకుందామని వచ్చేవారు నాకు ఎక్కువ ఇష్టం, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. మీకు తొందర లేదు. మొదట గైడు ఒకసారి ఆగకుండా చదివేయండి, అర్థం కానివి వదిలేస్తూ. తర్వాత యేల్ విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన ఉపన్యాసాలు వినండి. 2008లో డేవిడ్ బ్లైట్ తరగతిలో చెప్పిన 27 పాఠాలు అంతర్యుద్ధం, పునర్నిర్మాణం మీద ఉన్నాయి. చివరి భాగమంతా మన పన్నెండేళ్లదే. మాట వేగం అందకపోతే రాతప్రతి పక్కన పెట్టుకుని వినవచ్చు. వంటగదిలో పని చేసుకుంటూ విన్న పాఠాలు నాకు పుస్తకం కన్నా బాగా గుర్తున్నాయి. ఎందుకో తెలియదు. ఆ పాఠాలు పూర్తయ్యాక యాప్‌లో మీకు నచ్చిన అధ్యాయాలు చదవండి.

ఈ దారిలో వెళ్తే మనవాళ్ల జాడ కూడా దొరుకుతుంది. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు చట్టం చెప్పే "శ్వేతజాతి" కిందికి రారు కనుక అమెరికా పౌరులు కాలేరని ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చింది. ఈ భగత్‌సింగ్ వేరు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. ఆ రోజుల్లోనే యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో చేసిన పరిశోధనలు, కణాల్లో శక్తి గురించి కనిపెట్టినవి మనకు తెలుసు. ఆ పరిశోధనలు సాగినంత కాలం ఆయన పౌరసత్వం అడిగే వీల్లేని మనిషి అన్నది మన వ్యాసాల్లో అంతగా కనిపించదు. 1946లో చట్టం మారి భారతీయులకు ఆ తలుపు తెరుచుకుంది, ఏడాదికి 100 మందికి రావడానికి వీలు దొరికింది. రెండేళ్లకే, 1948లో సుబ్బారావు చనిపోయారు. గైడు కొనేటప్పుడు పద సూచికలో థిండ్ పేరు కూడా ఒకసారి వెతకండి. ఉంటే ఇంకేమీ చూడకుండా కొనేయవచ్చు.

ఏది కొన్నా, గోడకు తగిలించుకునే అమెరికా మ్యాపు ఒకటి ముందే తెచ్చుకోండి. 1863లో వర్జీనియా నుంచి వెస్ట్ వర్జీనియా ఎందుకు విడిపోయిందో నేను మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. మ్యాపులో వాటి మధ్య కొండలు చూశాక అరనిమిషంలో అర్థమైంది.